ఇరవై ఆరు శాతం

మార్చి 16, సోమవారం

టైపింగ్‌లో సహాయం: కె. కెరోలిన్.

అంతే. ఎనిమిదో పేజీలో, అన్నిటికంటే కింద, చీమల్లాంటి అక్షరాల్లో. మొదటి పేజీలో రెండే పేర్లు. యశ్వంత్, మా గైడ్ నారాయణ సార్. పులివెందులలో ఏప్రిల్ ఏడున జరిగే సెమినార్‌కు మా ప్రాజెక్టు పేపర్ వెళ్ళింది. మా ప్రాజెక్టు అని ఇంకా రాస్తున్నాను చూడు.

ఫిబ్రవరి రెండు నుంచి మొన్న పద్నాలుగు దాకా కాలేజీ ఉన్న ప్రతిరోజూ ఉదయం తొమ్మిదికి ల్యాబులో కరెంటు మీటరు చూసి రాసింది నేను. జమ్మలమడుగులో ఏడున్నర బస్సు ఎక్కితే తప్ప ప్రొద్దుటూరులో తొమ్మిదికి ఆ తలుపు ముందు ఉండలేను. ఒక్కరోజు కూడా తప్పలేదు. యశ్వంత్ ఆరు వారాల్లో నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ టీ టైముకే వచ్చాడు.

క్యాంటీన్ దగ్గర నిలదీశాను.

“నా పేరు యాడుంది?”

“ఉండాది గదా, చివర్లో. సరిగ్గా చూడు మేయ్.”

“టైపింగా?”

“టైపు కొట్టింది నువ్వా కాదా? అబద్ధం ఏమన్నా రాసినామా?”

వెనక ముగ్గురు నవ్వారు. వాడు నవ్వలేదు. నిజంగానే అబద్ధం రాయలేదని వాడి నమ్మకం. వాడి మేనమామ కాలేజీ కమిటీలో ఉన్నాడు. దువ్వూరు దగ్గర వాళ్ళ పొలాల గట్టు మీద నడిస్తే పొద్దుగూకుతుందట. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి తన పేరు పైన, ఇంకొకరి పేరు కింద ఉండటం ఆకాశం పైన, నేల కింద ఉన్నంత మామూలు.

ఈ నోటుబుక్కు కొత్త మాటలు రాసుకోవడానికి కొన్నాను. ఈరోజు నుంచి వేరే పనికి.

మార్చి 17, మంగళవారం

పగ. కక్ష. కసి. ఈసు. పంతం. నాయన నిఘంటువులో ఇన్ని ఉన్నాయి. కసి బాగుంది. అది పలికేటప్పుడు పళ్ళు దగ్గరికొస్తాయి.

మార్చి 18, బుధవారం

అమ్మ అడిగింది. “ఏంది పాపా ఆ ప్రాజెక్టు? అన్నం ముందర పెట్టుకొని గోడ చూస్తాండావు.”

పేపర్లో రాసినట్టు చెబితే అమ్మకు అర్థం కాదు. ఇలా చెప్పాను. కాలేజీలో కంప్యూటర్లన్నిటి తీగలూ నాలుగు డబ్బాల్లోకి వచ్చి చేరతాయి. ఆ డబ్బాలను స్విచ్‌లంటారు. తీగలో సమాచారం పోతున్నా పోకపోయినా అవి ఇరవైనాలుగు గంటలూ కరెంటు తాగుతుంటాయి. పని లేనప్పుడు తీగను నిద్రపుచ్చితే కరెంటు మిగులుతుంది. కాకపోతే లేపడానికి కొంచెం సమయం పడుతుంది. మాటిమాటికీ లేపడం ఎందుకని, వచ్చిన సమాచారాన్ని కాసేపు ఆపి, కొంత పోగయ్యాక ఒకేసారి పంపితే నిద్ర ఇంకా ఎక్కువ దొరుకుతుంది.

“మైలవరం ఆటో మాదిరి,” అంది అమ్మ. “పదిమంది నిండేదాకా కదలడు.”

“అదేమ్మా. డీజిలు మిగులుతుంది. ముందెక్కిన మనిషికి ఆలస్యమవుతుంది.”

“ముందెక్కేది ఎప్పుడూ నేనే,” అని నవ్వింది అమ్మ. ఆమె మైలవరంలో నర్సు.

అమ్మకు రెండు నిమిషాల్లో అర్థమైంది. యశ్వంత్‌కు ఇప్పటికీ కాలేదు. కరెంటు ఎంత మిగిలింది, ఆలస్యం ఎంత పెరిగింది అని నా పట్టికలో రెండు వరసలు ఉంటాయి. పేపర్లో ఒకటే వరస ఉంది. ఆలస్యం వరసను వాడు కోసేశాడు.

ఆ వరస ఎందుకు ముఖ్యమో లాంగ్వేజ్ ల్యాబులో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. అక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మేడమ్ చదివే పాఠం వింటాం. ఒక్కో డబ్బా దగ్గర సెకనులో ఇరవై వెయ్యో వంతులు ఆపితే, నాలుగు డబ్బాలు దాటేసరికి ఎనభై. మేడమ్ కాస్త ఆగి మళ్ళీ మొదలుపెట్టిన ప్రతిసారీ మొదటి అక్షరం తెగి వినిపించింది. అందుకే మార్చి ఏడు నుంచి ఇరవైని రెండుకు తగ్గించాను. మాట తెగలేదు. ఇరవై పెట్టినప్పుడు ఆదా ఇరవై ఆరు శాతం. రెండు పెట్టినప్పుడు ఇరవై ఐదు. ఆ ఒక్క శాతం కోసం వాడు ఇరవైనే ఉంచి, మాటలను కోసి, పేపర్ మీద పెద్ద అక్షరాలతో ఇరవై ఆరు అని రాసుకున్నాడు. నా చేతే మళ్ళీ ఇరవైకి మార్పించాడు కూడా.

పులివెందులలో అందరి ముందూ లేచి ఆలస్యం ఎంతని అడుగుతాను. వాడి దగ్గర జవాబు లేదు.

మార్చి 19, గురువారం

ఉగాది సెలవని నారాయణ సార్ ఇంటికే వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. తుడిచినవాటినే మళ్ళీ తుడిచారు.

“సర్దుకోమ్మా. పేపర్లో పేరు లేకపోతే ఏం పోయింది? మార్కులు ఇద్దరికీ సమానమే వేస్తా.”

“నాకు మార్కులు వద్దు సార్.”

“మరేం కావాల?”

నమస్కారం పెట్టి బయటికొచ్చాను. వాడి ముఖం నల్లబడటం కావాలి.

మార్చి 24, మంగళవారం

కొలతలు పద్నాలుగునే అయిపోయాయి. అయినా రోజూ మీటరు చూస్తూనే ఉన్నాను. వాడి పేపర్లో ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని. అలవాటు కూడా కావచ్చు.

ఈరోజు దొరికింది. నిన్న తొమ్మిది నుంచి ఈరోజు తొమ్మిది దాకా మూడు యూనిట్లు తిరిగింది. రెండున్నర కూడా దాటకూడదు. ఇరవై వెయ్యో వంతులకు రోజుకు సగటున 2.40 అని నా లెక్క. సెట్టింగు చూశాను. ఇరవైనే ఉంది. ఎవరూ ముట్టలేదు.

మార్చి 25, బుధవారం

మళ్ళీ మూడు. వాడే ఏదో చేశాడు.

మార్చి 26, గురువారం

వాడు కాదు.

పదకొండు గంటలకు ల్యాబు మూలన, చెక్క బీరువా చాటున కూర్చున్నాను, వాడు వస్తే పట్టుకుందామని. వచ్చింది జానీబీ. ల్యాబు ఊడ్చి, కుర్చీలు సర్ది, స్టాఫ్ రూముకు టీ అందించే అటెండర్. నన్ను చూడలేదు. స్విచ్‌లున్న ఇనుప బీరువా వెనక్కి వంగి కెటిల్ ప్లగ్గు పెట్టింది. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సాకెట్టు అది. స్విచ్‌ల కరెంటు కొలిచే మా మీటరు ఉన్న బోర్డు.

“అక్కా, ఇక్కడ ఎప్పటి నుంచి పెడతాండావు?”

ఆమె ఉలిక్కిపడి గుండె పట్టుకుంది. “అల్లా! సంపేస్తివి గదా పాపా. ఎప్పటి నుంచి ఏంది, పోయినేడు నుంచి ఈడనే. స్టాఫ్ రూములో ప్లగ్గు కాలిపోయింది.”

“మరి నెలంతా లేదే?”

“రంజాన్ నెల గదా! ఒక్కపొద్దు పెట్టుకొని నీళ్ళు ముట్టకుండా మీకు టీ కాచిపోయాల్నా? సార్లే పాపం, ‘నెలంతా క్యాంటీన్లో తాగుతాం లే జానీబీ’ అనిరి. పండగైంది, సోమవారం నుంచి మళ్ళా మొదలు. ఇద్దో, నీకూ పోస్తా, ఉండు.”

పోసింది. తాగాను.

బస్సులో లెక్క వేశాను. నిద్ర పెట్టకముందు కొలత ఫిబ్రవరి రెండు నుంచి పదిహేడు దాకా. అప్పుడు కెటిల్ ఉంది. 3.24. పంతొమ్మిది నుంచి నిద్ర పెట్టాం. అదే రోజు ఒక్కపొద్దులు మొదలు. కెటిల్ లేదు. 2.40. ఇప్పుడు కెటిల్ వచ్చింది. 3.00. అంటే కెటిల్ ఒక్కటే రోజుకు 0.60. అది తీసేస్తే స్విచ్‌లు తాగింది మొదట 2.64, తర్వాత 2.40.

తొమ్మిది శాతం.

ఇరవై ఆరు కాదు. తొమ్మిది! మిగతాదంతా జానీబీ ఉపవాసం.

మార్చి 27, శుక్రవారం

నవ్వు ఆగడం లేదు. అమ్మ జ్వరం ఉందేమోనని నుదురు ముట్టి చూసింది.

వాడు టై కట్టుకుని, పులివెందుల సభలో, బయటి నుంచి వచ్చిన నిపుణుల ముందు నిలబడి, టీ కెటిల్ మానేస్తే మిగిలిన కరెంటును మా గొప్ప పరిశోధన అని చదువుతాడు. నేను ఒక్క ముక్క కూడా ముందు చెప్పను. నారాయణ సార్‌కు చెప్పను. వాడిని ఆ ఇరవై ఆరు మీదికి ఎక్కనిస్తాను. ఎక్కాక నిచ్చెన లాగుతాను.

మీటరు చూసింది నువ్వే కదా, నీకెందుకు తెలియలేదని ఎవరైనా అడగవచ్చు. నేను పొద్దున తొమ్మిదికి చూసి క్లాసుకు పోయేదాన్ని. కెటిల్ పెట్టేది పదకొండుకు. నాకు తెలిసే అవకాశమే లేదు.

మార్చి 29, ఆదివారం

ప్రశ్న రాసుకున్నాను. నాలుగుసార్లు తిరగరాశాక ఇలా కుదిరింది.

‘ఆలస్యం ఎంత పెరిగిందో పేపర్లో ఎందుకు లేదు? మార్చి ఇరవై మూడు తర్వాత అదే సెట్టింగుతో రోజుకు మూడు యూనిట్లు ఎందుకు తిరుగుతోంది? మా ల్యాబ్ అటెండర్ జానీబీ అదే బోర్డుకు కెటిల్ పెడుతుందనీ, రంజాన్ నెలలో పెట్టలేదనీ పేపర్ రాసినవారికి తెలుసా?’

చివరి వాక్యం కత్తిలా ఉంది. ‘పేపర్ రాసినవారికి’ అన్నది ముఖ్యం. అద్దం ముందు నిలబడి చదివాను. ‘తెలుసా’ దగ్గర గొంతు లేపకూడదు. దించాలి.

మార్చి 31, మంగళవారం

ల్యాబు తలుపు వెనక పాత నోటీసు ఒకటి ఉంది. ఈరోజే సరిగ్గా చదివాను. పోయినేడు స్టాఫ్ రూములో ప్లగ్గు కాలినప్పుడు ప్రిన్సిపాల్ అంటించాడు. ల్యాబుల్లో హీటర్లు, కెటిళ్ళు వాడిన సిబ్బందిని వెంటనే తొలగిస్తారు. విద్యార్థులైతే ప్రాజెక్టు మార్కులు ఆపేస్తారు.

సెమినార్‌కు ప్రిన్సిపాల్ కూడా వస్తున్నాడు.

అయినా నిజం చెప్పడం తప్పు కాదు. నోటీసు అంటించింది నేను కాదు.

ఏప్రిల్ 2, గురువారం

జానీబీ నన్ను మెట్ల దగ్గర ఆపింది. చేతిలో చీపురు.

“ఏంది పాపా, రోజూ కెటిల్ పెట్టేటప్పుడు వచ్చి కాగితంలో రాసుకుంటాండావు. ఏం రాస్తాండావు?”

“ఏం లేదక్కా. ప్రాజెక్టు.”

“ప్రాజెక్టులో నా కెటిల్ ఎందుకు?”

కొంచెం చెప్పాను. యశ్వంత్ పేపర్ తప్పని, పులివెందులలో అడుగుతానని. ఆమె చీపురు గోడకు ఆనించింది.

“ఆ యప్పకూ నీకూ పడకపోతే మీరూ మీరూ కొట్లాడుకోండి. మధ్యలో నా కెటిల్ పగలాల్నా? నేను పర్మనెంటా ఏమన్నా? పోతే ఎవరూ అడగరు. ఆ టీ తాగినోళ్ళంతా, మీ నారాయణ సారుతో సహా, కెటిలా, అదేంది అంటారు. ఫిబ్రవరిలో నువ్వు తాగల్యా? రోజూ రెండు గ్లాసులు. ‘అక్కా, అల్లం ఎక్కువేయి’ అని.”

“నీ పేరు చెప్పను లే.”

“నా మీద ఒట్టేయి.”

“మేం ఒట్లేయమక్కా. బైబిల్లో వద్దని ఉండాది.”

“అట్లయితే ఊరికే చెప్పు.”

“చెప్పను.”

ఆమె నా ముఖం చాలాసేపు చూసి చీపురు తీసుకుంది.

తొమ్మిదికి చూసి క్లాసుకు పోయేదాన్నని మొన్న రాశాను. పదకొండుకు మళ్ళీ వచ్చేదాన్ని. టీ కోసం. మీటరు పక్కనే నిలబడి తాగాను, పన్నెండు రోజులు.

ఏప్రిల్ 3, మంచి శుక్రవారం

యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఈసారి నాయనకు మొదటి మాట ఇచ్చారు. క్షమాపణ. మూడు గంటల ఆరాధనలో ఆయన వంతు ఇరవై నిమిషాలు. వారం నుంచి ఇంట్లో నడుస్తూ చదువుకుంటున్నాడు. బాగా మాట్లాడాడు. జమ్మలమడుగు ఎండలో, కిటికీలన్నీ తెరిచినా ఊపిరాడని ఆ గుడిలో, ముందు వరస ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ ఇరవై నిమిషాలూ నేను నా ప్రశ్నను మనసులో వల్లె వేసుకున్నాను. ‘తెలుసా’ దగ్గర గొంతు దించాలి.

ఏప్రిల్ 5, ఆదివారం

పునరుత్థాన పండుగ. తెల్లవారుజామున ఆరాధన. కొత్త చుడీదార్.

కాగితం మార్చలేదు. మార్చాలంటే వాక్యమంతా మళ్ళీ కట్టాలి. ‘ఒకరు కెటిల్ పెట్టారు’ అంటే ఎవరు నమ్ముతారు? పేరు లేకపోతే కత్తికి పదును ఉండదు. చెప్పేటప్పుడు చూసుకుంటాను.

ఏప్రిల్ 6, సోమవారం

మార్చలేదు.

ఏప్రిల్ 8, బుధవారం

నిన్న జరిగింది జరిగినట్టు రాయాలి.

కాలేజీ బస్సులో ముద్దనూరు మీదుగా పులివెందుల. వెనక సీటులో యశ్వంత్ తన పేపర్ గొణుక్కుంటున్నాడు. సగం దాకా చదివి మళ్ళీ మొదటి పేజీకే వస్తున్నాడు. నాకు బాగా అనిపించింది.

సభలో మూడొందల మంది. మొదటి వరసలో మా ప్రిన్సిపాల్, పక్కన నారాయణ సార్. బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్ద మేడమ్ వేదిక కింద కూర్చుని ఒక్కొక్కరినీ అడుగుతోంది. యశ్వంత్ బాగానే చదివాడు. ఇరవై ఆరు శాతం అన్నప్పుడు చప్పట్లు కొట్టారు. మా ప్రిన్సిపాల్ వెనక్కి తిరిగి అందరినీ చూశాడు, వేసవి సెలవుల్లో కాలేజీ అంతటా ఇదే పెడుతున్నామని చెప్పాడు.

నేను లేచాను. మైకు ఇచ్చారు.

“ఆలస్యం ఎంత పెరిగిందో పేపర్లో ఎందుకు లేదు?”

“తక్కువే పెరిగింది,” అన్నాడు వాడు.

“తక్కువంటే ఎంత?”

వాడు పేపర్ తిరగేశాడు. మేడమ్ పెన్ను కింద పెట్టింది.

“మార్చి ఇరవై మూడు తర్వాత అదే సెట్టింగుతో రోజుకు మూడు యూనిట్లు ఎందుకు తిరుగుతోంది?”

వాడి ముఖం నేను అనుకున్నట్టే అయింది. అనుకున్నదానికంటే బాగా అయింది. చెమట టై మీదికి కారింది. “రీడింగులు నేను తీయల్యా మేడమ్,” అన్నాడు గబగబా. “మొత్తం ఆ అమ్మాయే తీసింది. సెట్టింగులు కూడా ఆ అమ్మాయే పెట్టింది. కెరోలిన్. మొదటి నుంచీ అంతా ఆ అమ్మాయే చేసింది.”

మూడొందల మంది ముందు, మైకులో. నేను మూడు వారాలుగా కోరుకున్న మాట అది.

“ఆమె పేరు పేపర్లో లేదే?” అంది మేడమ్. నారాయణ సార్ కళ్ళద్దాలు తీశారు.

“సరే, అయితే నువ్వే చెప్పమ్మా,” అంది మేడమ్ నా వైపు తిరిగి. “ఎందుకు పెరిగింది?”

కాగితం నా చేతిలోనే ఉంది. మూడో వాక్యం మీద వేలు ఉంది. ‘మా ల్యాబ్ అటెండర్’ అన్న చోట. ప్రిన్సిపాల్ పూర్తిగా వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. ఆ పేరును కొట్టేయాలని నేను నిర్ణయించుకోలేదు. ఇక్కడైనా నిజం రాయాలి. చదవడానికే నోరు తెరిచాను.

“ఆ బోర్డుకే కెటిల్ పెట్టి టీ కాచుకున్నాను మేడమ్. ఫిబ్రవరిలో. నేనే. నిద్ర సెట్టింగు పెట్టాక మానేశాను. ఈమధ్య మళ్ళీ పెట్టాను.”

సభ ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు నా మీదే. మేడమ్ మాత్రం నవ్వలేదు.

“కెటిల్ తీసేస్తే?”

“తొమ్మిది శాతం. ఒక్కో స్విచ్ దగ్గర ఇరవై వెయ్యో వంతులు ఆపితే తొమ్మిది. రెండు ఆపితే ఎనిమిది. ఇరవైకి లాంగ్వేజ్ ల్యాబులో మాట తెగుతుంది. రెండుకు తెగదు.”

“అయితే ఏది పెట్టమంటావు?”

“రెండు మేడమ్. ఒక్క శాతం పోతే పోనీ. మాట నిలుస్తుంది.”

ఆమె అది రాసుకుంది. నిజంగా రాసుకుంది, నేను చూశాను. తర్వాత ఇంకొకరిని పిలిచారు.

యశ్వంత్ వేదిక మీదే నిలబడి నన్ను చూస్తున్నాడు. ఆ కెటిల్ ఎవరిదో వాడికి తెలుసు. వచ్చిన నాలుగుసార్లూ ఆ టీ తాగాడు. ‘అబద్ధం, అది అటెండర్‌ది’ అని ఒక్క మాటంటే నేను అబద్ధాలకోరునయ్యేదాన్ని, నా తొమ్మిదీ ఎనిమిదీ కూడా ఎవరూ నమ్మేవారు కాదు. పేపర్ మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు. దిగి వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ప్రిన్సిపాల్ బస్సు మెట్టు మీద నిలబడి చెప్పాడు. గురువారం పదకొండుకు ఆఫీసులో విచారణ. మార్కులు ఆపేదీ లేనిదీ అప్పుడే తేలుతుందట.

ఈరోజు ఈ సంగతి జానీబీకి తెలిసిపోయింది. కృతజ్ఞత చెబుతుందేమో అనుకున్నాను. “నా పేరు చెప్పొద్దంటే నీ పేరు చెప్పమంటినా?” అని తిట్టింది. “చదువుకొనే పిల్లవి! మీ అమ్మ వింటే ఏమంటుంది?” తిడుతూనే కెటిల్ తెచ్చి గుడ్డలో చుట్టి నా సంచిలో కుక్కింది. “నీదైతే నీ దగ్గరే ఉండాల గదా. ఇంటికి తీసకపో.” దాన్ని సంచిలోంచి తీసి చూడాలని కూడా అనిపించలేదు.

సాయంత్రం బస్టాండులో యశ్వంత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. రెండు బస్సులు పోయాయి.

“అంతమంది ముందర గుడ్డలిప్పి నిలబెట్టినావు గదా మేయ్. సంతోషమేనా?”

“ఇంకా చాలదు.”

“మా మామ ఇంట్లో అన్నం కూడా తిననీల్యా, తిట్టి.”

“మంచిదే.”

వాడు ఉమ్మేసి, అటు తిరిగి నిలబడి అన్నాడు. “రేపు నిన్ను అడుగుతారు. మా మామ కూడా కూర్చుంటాండాడు. నీ మాట నమ్మల్యా ఆయన. ‘కెటిల్ ఎట్లుంటాదో చెప్పు’ అంటాడు, చూడు. దొంగమాటలు పట్టేది ఆయనకు అలవాటు. నువ్వు టీ తాగేటప్పుడు మీటరు దిక్కు తప్ప కెటిల్ దిక్కు చూసినావా ఎప్పుడన్నా?”

నేను సంచి భుజం మార్చుకున్నాను.

“ఎర్ర పిడి. మూత ఊడిపోతే తెల్ల దారంతో కట్టింది. లోపల ఉప్పు పట్టి తెల్లగా ఉంటాది. వైరుకు రెండు చోట్ల నల్ల టేపు. ఎప్పుడు కొన్నావంటే, పోయిన దీపావళికి. సరేనా?”

“నువ్వెందుకు చెబుతాండావు?”

“నీ కోసం కాదు లే. నీ ముఖం చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆయమ్మ టీ నేనూ తాగినా.”

జమ్మలమడుగు బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీలోంచి చూడకూడదనుకున్నాను. చూశాను. వాడు అప్పటికే వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 9, గురువారం, ఉదయం

ఇంకో పావుగంటలో బయలుదేరాలి. కెటిల్ సంచిలోనే ఉంది. విప్పి చూశాను. వాడు ఒక్కటీ తప్పు చెప్పలేదు.

ఎర్ర పిడి. మూతకు తెల్ల దారం. లోపల ఉప్పు. టేపు రెండు చోట్ల. పోయిన దీపావళికి.

వాడిని నేను క్షమించలేదు. వాడు చెప్పాడని రాసుకోవడం లేదు, నాకు అవసరం కాబట్టి రాసుకుంటున్నాను. ఎర్ర పిడి. తెల్ల దారం.